జీపు నిజం ఆయిలెరుగు!

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. సెకండ్‌హ్యాండ్‌ జీపు విషయంలో మాత్రం నిజమెరిగింది దాని ఆయిలే! అమ్మినవాళ్లు ‘కండిషన్‌ సూపర్‌’ అనే చెబుతారు. లోపల జబ్బేమైనా ఉందో లేదో తెలియాలంటే... పానా, పాత టబ్బు పట్టుకుని బండి కిందికి దూరాల్సిందే. ఆ పనికి కావాల్సిన సరంజామా అంతా సికింద్రాబాద్‌లో ఒక్కచోటే దొరుకుతుంది. అదే రాణీగంజ్‌!

మూడో నిజాం సికిందర్‌ జా పేరుమీద 1806లో వెలసిన సికింద్రాబాద్‌ మొదట్నుంచీ దండు ఊరు. సైన్యం బండ్ల మరమ్మతు విద్య నేర్పే ఎంసీఈఎంఈ కళాశాల ఉన్నదీ ఇక్కడి తిరుమలగిరిలోనే. సైన్యం వాడి పక్కనపెట్టిన బండ్లు వేలంలో జనం చేతికొస్తాయి. వాటిలో జిప్సీలుంటాయి, అరుదుగా జబల్‌పూర్‌లో తయారైన జోంగాలూ ఉంటాయి. జోంగా తయారీ 1999లో ఆగిపోయింది. 1985లో వచ్చిన మారుతి జిప్సీ మామూలు కొనుగోలుదారులకు దొరకడం 2019తో ముగిసింది. ఇలాంటి బండి కొన్నవాళ్లకు షోరూము కన్నా స్పేర్‌ పార్టుల బజారే దగ్గరి చుట్టం.

హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన, ఎంజీ రోడ్డును ఆనుకునే ఉంటుంది రాణీగంజ్‌. బేరింగులు, బెల్టులు, బోల్టులు, పంపుల దుకాణాలు వరుసగా కనిపిస్తాయి. బేరాలు సగం తెలుగులో, సగం దక్కనీలో. బండి పేరు చెబితే సరిపోదు, ఏ సంవత్సరం మోడలో కూడా చెప్పాలి. పాత ఫిల్టర్‌ను వెంట తీసుకెళ్తే ఇంకా మేలు. ఇంజినాయిల్‌, ఫిల్టర్‌, డ్రెయిన్‌ బోల్టుకు కొత్త వాషర్‌, ‘90 నంబర్‌’ గేరాయిల్‌... జాబితా అంతే. నకిలీల బెడద ఉంది కాబట్టి డబ్బా సీలు చూసి, బిల్లు అడిగి తీసుకోవాలి.

ఒకటి కాదు... అయిదు!

మామూలు కారుకీ, నాలుగు చక్రాలకూ శక్తి అందే ఈ బండికీ తేడా ఇక్కడే. ఇంజిన్‌, గేర్‌బాక్స్‌, ట్రాన్స్‌ఫర్‌ కేస్‌, ముందు డిఫరెన్షియల్‌, వెనక డిఫరెన్షియల్‌... జిప్సీలాంటి బండిలో అయిదు చోట్ల ఆయిల్‌ ఉంటుంది. పాతబండి కొన్న వెంటనే అయిదూ మార్చేస్తే లెక్క కొత్తగా మొదలవుతుంది. గేర్‌బాక్స్‌, డిఫరెన్షియల్‌ దగ్గర మాత్రం ముందు ఆయిల్‌ పోసే బోల్టు ఊడదీయాలి. అది తుప్పుపట్టి రాకపోతే? కింది బోల్టు తీసి ఉన్న ఆయిల్‌ కాస్తా వదిలేశాక కొత్తది పోసే దారి ఉండదు!

ఇంజిన్‌ను కాసేపు నడిపి ఆపాలి. ఆయిల్‌ గోరువెచ్చగా ఉంటే మడ్డితో సహా దిగుతుంది. సమతలంపై నిలిపి, హ్యాండ్‌బ్రేక్‌ వేసి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. ఎత్తుగా ఉండే బండి కాబట్టి జాకీ అవసరం ఉండకపోవచ్చు. ఒక్క జాకీని నమ్ముకుని మాత్రం బండి కింద ఎప్పుడూ పడుకోకూడదు. కొత్త ఫిల్టర్‌ రబ్బరుకు కాస్త ఆయిల్‌ రాసి, చేత్తోనే బిగించాలి. బోల్టు బిగించి, పుస్తకంలో చెప్పినంత పోసి, ఇంజిన్‌ను ఓ నిమిషం నడిపి ఆపి, డిప్‌స్టిక్‌తో మట్టం చూసుకోవాలి. కింద చుక్క కారకపోతే ఆ పని పూర్తయినట్టే.

ఇక టబ్బులోకి చూడాలి. నల్లగా ఉంటే కంగారు అక్కర్లేదు. పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరాయని అర్థం. ఇంజిన్‌లోనైతే గ్యాస్కెట్‌ పోయి ఉండొచ్చు, డిఫరెన్షియల్‌లోనైతే బండి ఎప్పుడో వాగులో దిగి ఉండొచ్చు. పెట్రోలు వాసన గుప్పున కొట్టినా అనుమానించాలి. బోల్టుకు బూడిదలాంటి పొడి అంటితే మామూలే. చేతికి గుచ్చుకునే ముక్కలొస్తే మెకానిక్‌ దగ్గరికి వెళ్లే వేళయిందన్నమాట.

చివరి పని మిగిలే ఉంది

పాత ఆయిల్‌ ఏం చేయాలి? మట్టి లేవకుండా వాకిట్లో చల్లేవారున్నారు. సెంట్రింగ్‌ చెక్కలకు పూసేవారున్నారు. గుట్టుగా మోరీలో ఒంపేసేవారూ ఉన్నారు. కంటోన్మెంట్‌ వైపు నుంచి వచ్చే పికెట్‌ నాలా చేరేది హుస్సేన్‌సాగర్‌కే. ఒక లీటరు వాడేసిన ఆయిల్‌ పది లక్షల లీటర్ల నీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ హెచ్చరిక. మన 2016 నిబంధనల ప్రకారం ఇది ప్రమాదకర వ్యర్థం. 2024 ఏప్రిల్‌ నుంచి వాడిన ఆయిల్‌ రీసైక్లింగ్‌ బాధ్యతను తయారీ కంపెనీల మీదా పెట్టారు. ఇంట్లో పని చేసుకున్నవారు మాత్రం ఆ నల్ల ఆయిల్‌ను ఖాళీ అయిన డబ్బాలోనే నింపి, మూత బిగించి, వాడిన ఆయిల్‌ను రీసైక్లింగ్‌కు పంపే సర్వీసు సెంటర్‌కు అప్పగించాలి.

మెకానిక్‌ కూలి మిగిలిందని సంబరపడే ముందు ఆ డబ్బా ఎక్కడికి చేరిందో చూసుకోవాలి. ఎందుకంటే నీరే కాదు, మోరీలో పోసిన ఆయిలూ పల్లమెరుగు!