పన్ను లేని దేశం

పోయిన నెల మా అమ్మాయి బెంగుళూరు నుండి ఫోను చేసి, అల్లునికి లక్సెంబర్గ్‌లో ఉద్యోగం వచ్చిందని చెప్పింది. ఆ దేశం పేరు మేము వినడం అదే మొదలు. మా వీధిలో బండల మిషన్ నడిపే అన్న మాత్రం వెంటనే, "పన్నుల్లేని దేశమంట గదా, సంపాదించిందంతా మిగుల్తుంది" అన్నాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. 2003లో తాడిపత్రి బస్టాండులో మమ్మల్ని సాగనంపుతూ మావాళ్ళు అన్నదీ ఆ మాటే.

2002లో వానలు లేవు. చెనక్కాయ విత్తనం భూమిలోనే మాడిపోయింది. పెన్న సంగతి చెప్పనక్కరలేదు. మా పిల్లలకు ఏరంటే ఇసుకే. అప్పులవాళ్ళు వాకిట్లో కూర్చోసాగారు. కడప వైపు మా బంధువుల ఊళ్ళలో చాలా ఇళ్ళ నుండి ఎవరో ఒకరు కువైటులో ఉండేవారు. ఒక ఏజెంటు ద్వారా మాకూ ఒకే ఇంట్లో పని కుదిరింది, ఒకరికి కారు నడపడం, ఒకరికి వంట. మూడేళ్ళ పాపను అవ్వ దగ్గర వదిలి, "రెండేళ్ళే" అని చెప్పి విమానమెక్కాము.

కువైటు ఎంత దేశమనుకున్నారు? 17,818 చదరపు కిలోమీటర్లు. విడిపోక ముందున్న మన అనంతపురం జిల్లా అంతకంటే కొంచెం పెద్దదే. వాన మనకంటే కూడా తక్కువ. కాని 1938లో బుర్గాన్ వద్ద చమురు పడింది, 1946 నుండి ఓడలకెక్కింది. ఆ ఆదాయం వలన అక్కడి ప్రభుత్వం జీతాల మీద పన్ను అడగదు. నేటికీ అడగడం లేదు. మాకు చెరి నలభై ఐదు దినార్లు. ఆ రోజుల్లో దినారు నూట యాభై రూపాయలకు పైమాటే గనుక మనిషికి ఏడువేలు పడేది. ఆ ఏడువేలు ఇక్కడ సంపాదించినా పెద్దగా పన్ను కట్టవలసింది ఏమీ ఉండేది కాదు లెండి!

పట్టుకునేవి వేరే ఉన్నాయి. మొదటి నెలల జీతం ఏజెంటు అప్పుకు పోయింది. పాస్‌పోర్టులు యజమాని బీరువాలో ఉండేవి. సెలవు దినమంటూ లేదు. వారానికి ఒకరోజు సెలవు, ఏటా జీతంతో కూడిన సెలవు ఇంటి పనివారికి ఇవ్వాలని అక్కడ చట్టం వచ్చింది 2015లో, మేము తిరిగి వచ్చిన మరుసటి సంవత్సరం. శుక్రవారం అక్కడ సెలవు గనుక తెలుగువారి ఆరాధన కూడా ఆ రోజే జరిగేది. యజమానురాలు మంచి మనస్సుతో ఉన్న వారం ఇద్దరమూ వెళ్ళేవాళ్ళం. బయటికి వచ్చాక చెట్టు నీడన ఊరి సంగతులు, చిట్టీల లెక్కలు. ఒకామె ఊరుబిండి డబ్బాలో తెచ్చేది. దాని కొరకే వచ్చేవారు కూడా ఉండేవారు, వారిలో మేమూ ఒకరం.

2005లో మొదటి సెలవుకు వచ్చాము. పెట్టె నిండా గౌన్లు, చాక్లెట్లు. పాప అవ్వ కొంగు వెనుక నిలబడి చూసింది. "అమ్మ వచ్చింది చూడు" అంటే, "ఈమె కువైటు అమ్మ" అంది. రాత్రి మా మధ్య పడుకోబెట్టుకుంటే తెల్లవారేసరికి లేచి అవ్వ మంచంలోకి వెళ్ళిపోయింది. మూడో వారం తనంతట తానే మా ప్రక్కన కూర్చొని సంగటి తిన్నది. నాలుగో వారం మాకు టికెట్టు. అప్పటికి అప్పు సగమే తీరింది. రెండేళ్ళన్నది పదకొండేళ్ళయింది. ఇల్లు కట్టాము, అమ్మాయిని ఇంజనీరింగు చదివించాము. అది అబద్ధం కాదు.

ఇక లక్సెంబర్గ్ సంగతి. ఆ పేరు కంపెనీలకు, ధనవంతులకేనని, జీతగాళ్ళకు హెచ్చు భాగం మీద 42 శాతం దాకా పన్ను ఉందని అల్లుడు నవ్వుతూ చెప్పాడు. పెద్ద కంపెనీలు అక్కడ చేసుకున్న పన్ను ఒప్పందాలు 2014లో పత్రికల్లో బయటపడ్డాయట. 2020 మార్చి నుండి బస్సులు, రైళ్ళు మాత్రం అందరికీ ఉచితం. ఇంటి అద్దెలే భరించలేనివి. ఫ్రాన్సు, బెల్జియం, జర్మనీల నుండి రెండు లక్షలకు పైగా జనం రోజూ సరిహద్దు దాటి పనికి వస్తారట. అందువలన ఏడాది నిండిన పాపను కొంతకాలం మా దగ్గర వదలాలని వాళ్ళ ఆలోచన. "ఒక్క ఏడాదే అమ్మా" అంది.

రెండు రోజులు గడువు అడిగాము. నిజం చెప్పాలంటే మాకు ఆశ పుట్టింది. పాప వస్తుందని అటకమీది ఉయ్యాల కూడా దించాము. రెండోరోజు రాత్రి అది మళ్ళీ పైకెక్కించి ఫోను చేశాము. "పాపను తీసుకొని పొండి. అద్దెకు చాలకపోతే మేము కొంత పంపుతాము" అన్నాము. తాడిపత్రి నుండి లక్సెంబర్గ్‌కు డబ్బు! అల్లుడు నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు. కొంచెంసేపు ఊరుకొని, "అప్పుడు నన్ను తీసుకుపోవాలనిపించలేదా?" అని అడిగింది.

ఇన్నేళ్ళకు అడిగింది. ఇంటిపని వీసా మీద పిల్లలను తీసుకుపోయే వీలు లేదని చెప్పాము. వీలుంటే ఏం చేసేవాళ్ళమో ఆమెకు తెలుసో తెలియదో. "సరే" అని పెట్టేసింది. మరుసటి ఉదయం ఎర్రని చలికోటు ఫొటో ఒకటి పంపి, పాపకు ఏ సైజు తీసుకోవాలో చూసి చెప్పమంది.