ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం

టోక్యోలో దిగిన మొదటి వారమే నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. అక్కడ ఇంటిపేరు ముందు, సొంత పేరు తరవాత. అచ్చం మనలాగే. ఆఫీసులో అందరూ నన్ను మా ఇంటిపేరుకు 'సాన్' తగిలించి పిలిచేవారు. 'సాన్' అంటే మన 'గారు' లాంటిది. తాతగారి తరవాత మన ఇంటిపేరుకు మళ్లీ 'గారు' దక్కించింది నేనేనని అమ్మకు ఫోన్లో చెప్పి మురిసిపోయాను. ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు.

ఇది 2013 నాటి మాట. నేను పనిచేసింది ఓ విదేశీ డిజిటల్ ఏజెన్సీలో. వ్యాపార సంస్థలకు వెబ్‌సైట్లు తయారుచేయడం, ఇంటర్నెట్‌లో వాళ్ల ప్రకటనలు చూసుకోవడం మా పని. జపాన్‌లో కొత్తగా ఆఫీసు తెరిచి, హైదరాబాద్ నుంచి నన్ను పంపారు. యూరప్‌కు చెందిన సౌందర్య సాధనాల కంపెనీ ఒకటి మా మొదటి ఖాతాదారు. లండన్‌లో తయారైన సైటుకు భాష మార్చి పెట్టేస్తే చాలనుకున్నాం.

మాతో ఓ జపాన్ అమ్మాయి పనిచేసేది. పెద్ద కంపెనీలో ఉద్యోగం వదులుకుని మా దగ్గర చేరింది. ఊరూ పేరూ తెలియని కంపెనీలో చేరావేమిటని వాళ్ల నాన్న కొన్నాళ్లు మాట్లాడనే లేదట. మన ఇళ్లలో బ్యాంకు ఉద్యోగానికి రాజీనామా చేసి వస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట.

మొదటి సమావేశంలో సైటు చూపించాను. తను చాలాసేపు చూసి, తల కాస్త పక్కకు వంచి, ''కొంచెం కష్టమేమోనండీ'' అంది. కష్టమైతే ఏముంది, కష్టపడదాం అనుకున్నాను. పేరు కింద ఇంకో గడి ఉంటే బాగుంటుందేమో అంది. చదవడానికి ఇంకాస్త సమాచారం ఉండాలేమో అంది. డబ్బు కట్టడానికి కార్డు ఒక్కటేనా అని అడిగింది. లండన్ వాళ్లు 'రెండో విడతలో చూద్దాం' అన్నారు. నేనూ సరేనన్నాను. తను మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఒప్పుకుందనుకున్నాను.

సైటు మొదలైంది. జనం వస్తున్నారు, చూస్తున్నారు, వస్తువులు బుట్టలో వేసుకుంటున్నారు. తీరా డబ్బు కట్టే చోటికి వచ్చేసరికి వెళ్లిపోతున్నారు. అప్పుడు తనను కూర్చోబెట్టి విడమరిచి చెప్పమన్నాను.

జపాన్ పేర్లు రాసే కంజి లిపిలో ఒకే అక్షరాన్ని రెండు మూడు రకాలుగా పలకొచ్చు. అందుకే అక్కడ ఏ ఫారంలోనైనా పేరు దగ్గర, దాన్నెలా పలకాలో రాసేందుకు మరో గడి ఉంటుంది. మా సైట్లో అది లేదు. చిరునామా మనకు ఇంటి నంబరుతో మొదలైతే, వాళ్లకు ఏడంకెల పిన్‌కోడ్‌తో మొదలై ఇంటి నంబరుతో ముగుస్తుంది. మేం తిరగేసి అడిగాం. ఇంట్లో కూర్చుని ఆర్డరిచ్చి, వీధి చివర రాత్రీపగలూ తెరిచుండే దుకాణంలో నగదు కట్టడం అక్కడ చాలామందికి అలవాటు. మనకు మాత్రం ఇది కొత్తా? 2010లో ఫ్లిప్‌కార్ట్ 'సరుకు చేతికొచ్చాకే డబ్బు' అన్న తరవాతే కదా మా అత్తయ్య ధైర్యం చేసింది!

''ఇవన్నీ ముందే చెప్పొచ్చు కదా'' అన్నాను.

''చెప్పానండీ. కొంచెం కష్టమన్నాను కదా'' అంది నెమ్మదిగా.

వాళ్ల మర్యాదలో ఆ మాటకు 'కుదరదు' అని అర్థమట. నాకు సిగ్గేసింది. పెళ్లిచూపుల్లో 'ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం' అంటే అర్థం తెలియని తెలుగువాళ్లుంటారా? ఆ మాటలు వింటూ పెరిగిన నేనే ఈ మాట వినలేకపోయాను.

బోల్తాపడింది మేమొక్కరమే కాదని తరవాత తెలిసింది. అంతటి ఈబే 2000లో జపాన్‌లో అడుగుపెట్టి 2002లో వెళ్లిపోయింది. యాహూ జపాన్ అప్పటికే 1999లో వేలం సైటు మొదలుపెట్టింది. ప్రకటనల రంగంలోనైతే 1895లో పుట్టిన హకుహోదో, 1901లో పుట్టిన డెంట్సు పాతుకుపోయి ఉన్నాయి. అందుకే బయటివాళ్లలో కొందరు స్థానికులతో చేయి కలిపారు. 1960లో మెకాన్ ఎరిక్సన్, 2006లో టీబీడబ్ల్యూఏ హకుహోదోతో జతకట్టే అక్కడ నడిచాయి.

చెవిపెట్టి విన్నవాళ్లూ ఉన్నారు. కిట్‌క్యాట్ పేరు జపాన్ వాళ్ల చెవికి 'కిట్టో కట్సు' అన్నట్టుంటుంది. అంటే 'తప్పక గెలుస్తావు' అని. పరీక్షలకెళ్లే పిల్లలకు ఆ చాక్లెట్ ఇవ్వడం ఆనవాయితీ అయింది. విదేశీ ఏజెన్సీ జేడబ్ల్యూటీ జపాన్ శాఖ 2009లో దాన్ని పట్టుకుంది. ప్యాకెట్ మీదే చిరునామా రాసి పోస్టు చేసేలా తపాలా శాఖతో కలిసి అమ్మించింది. 2010లో కేన్స్ ప్రకటనల ఉత్సవంలో దానికి మీడియా విభాగంలో గ్రాండ్ ప్రి దక్కింది.

మేం సైటు సరిదిద్దేసరికి ఆలస్యమైపోయింది. ఖాతాదారు వెళ్లిపోయాడు. క్షమాపణ చెప్పడానికి ఇద్దరం వెళ్లాం. నేను తల వంచి లేచాను. పక్కన తను ఇంకా వంగే ఉంది. తప్పు నాది. నేను మళ్లీ వంగాను.

రెండేళ్లు తిరక్కుండానే ఆ ఆఫీసు మూతపడింది. నేను హైదరాబాద్ వచ్చేశాను, నా ఉద్యోగం నాకుంది. వాళ్ల నాన్న ముందు నిలబడాల్సింది తనే. ఆ సంగతి చాలాకాలం నన్ను పీడించింది. 2019లో జపాన్‌లో ఇంటర్నెట్ ప్రకటనల ఖర్చు మొదటిసారి టీవీని దాటిందని చదివినప్పుడు కూడా ముందు గుర్తొచ్చింది తనే.

ఇప్పుడు మా టీమ్‌లో ఏ కుర్రాడైనా ''చూద్దాం సార్'' అంటే ఆగుతాను. ''చూద్దామంటే కుదురుతుందనా, కుదరదనా?'' అని అడుగుతాను. నవ్వుతారు, కానీ చెబుతారు.

వీడ్కోలు రోజున తను ''ఉత్తరం రాస్తానండీ'' అంది. ఈ మాటకు అర్థం నాకు బాగా తెలుసులే అనుకున్నాను. మరుసటి జనవరిలో కొత్త సంవత్సరం కార్డొచ్చింది. వేరే కంపెనీలో చేరిందట, నాన్నగారు కులాసాయేనట. కింద తన పేరు, దాని మీద నా కోసం చిన్న అక్షరాల్లో ఎలా పలకాలో రాసింది.