నాలుగు వందల యాభై గుర్రాలు

హాస్టల్లో మా రూమ్మేటు గోడకు ఒక ఎర్ర కారు బొమ్మ అంటించాడు. 1970 నాటి అమెరికా బండి, షెవర్లే షెవెల్ ఎస్.ఎస్. 454. ఏడున్నర లీటర్లకు కొంచెం తక్కువ వి-8 ఇంజను, 450 హార్స్ పవర్! చదివేది ఫిజిక్సే అయినా నాకు ముందు తోచింది రైతు లెక్క. ఎడ్ల జత ఒక హార్స్ పవర్‌కు కాస్త తక్కువే ఇస్తుంది. అంటే ఆ బానెట్టు కింద ఒక పశువుల సంతే కట్టేసి ఉన్నదన్నమాట.

ఈ కార్లకు ఊపు తెచ్చింది 1964 పాంటియాక్ జి.టి.ఓ. మధ్యరకం కారులో 330 ఘనపుటంగుళాలు మించిన ఇంజను పెట్టరాదని జనరల్ మోటార్స్ నియమం. జాన్ డిలోరియన్ బృందం 389 ఇంజనును "ఆప్షన్" అని పేరు పెట్టి దాటించేసింది. కుర్రకారు ఎగబడ్డారు.

అయితే ఆ 450లో ఒక తిరకాసుంది. ఇంజనును విడిగా నిలబెట్టి, సైలెన్సరు వగైరాల భారం లేకుండా కొలిచిన అంకె అది. 1972 నుంచి బండిలో ఉన్నట్టే కొలిచేసరికి అంకెలు దిగిపోయాయి. 1973 చమురు సంక్షోభంతో ఆ జోరే తగ్గింది.

మా బోరు మోటారు రేకు మీద కూడా 5 హెచ్.పి. అని ఉండేది. వోల్టేజి పదో వంతు పడితే టార్కు దాదాపు అయిదో వంతు పడుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, వైండింగు వేడెక్కుతుంది. ఇదంతా నేను పరీక్షలో బాగానే రాశాను. ఆ ఎండాకాలమే మా మోటారు కాలింది.

చేతిలో డబ్బు లేదు. "ఎడ్లెందుకు నాయినా, ట్రాక్టరుకు ముప్పై అయిదు గుర్రాల బలం, కిరాయికి తెచ్చుకుందాం" అన్నది నేనే. నాయిన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఎడ్లను అమ్మాడు.

తొలకరి పడింది. ఊరంతా ఒకే ట్రాక్టరు కోసం నిలబడ్డది. మా చెల్కకు ఆరో రోజున వచ్చింది. ఎర్రనేల, అప్పటికే పదును ఆరిపోయింది. పత్తి గింజ సగం మొలవలేదు. నాయిన నన్ను ఒక్క మాటనలేదు, అంటే బాగుండేది.

దసరాకు ఇంటికి పోతే కొట్టంలో ఖాళీ గాడి ఊడ్చి ఉంది. ఏం మాట్లాడాలో తోచక కారు సంగతి చెప్పాను.

"గా బండి లీటరుకు ఎంత దూరం పోతది బిడ్డా?"

"నాలుగైదు కిలోమీటర్లు, నాయినా."

"ఓర్నీ! మన ఎడ్లు దానికంటె తక్కువనే తినేటియి గదరా" అని చాలా రోజులకు నవ్వాడు.