సముద్రానికి వెళ్లే దారిలో మొరాయించిన మియాటా

అమ్మ కర్నూలుకి తిరిగి వెళ్లడానికి ఇంకా నాలుగు రోజులే ఉంది. వచ్చినప్పటి నుంచీ 'ఈ శనివారం సముద్రానికి పోదాం' అంటూ వాయిదా వేస్తూనే ఉన్నాను. ఆఫీసు పని అని చెప్పేవాణ్ని. అసలు కారణం నా కారు. అద్దెకి వేరే కారు తీసుకుందామంటే అమ్మ ఒప్పుకోలేదు. "నీ బండి ఉండగా డబ్బులు పారబోస్తావా?" అంది.

నాది 1992 మాజ్దా మియాటా. రెండే సీట్లు, 1.6 లీటర్ల ఇంజిన్, పైకప్పు మడిచేయొచ్చు. వయసులో నాకంటే పెద్దది. పరుగెత్తినంతసేపూ బంగారమే. సిగ్నల్ దగ్గర ఆగితేనే వణుకు. ఆర్‌పీఎం ముల్లు 850 దగ్గర నిలబడాల్సింది, 500కి పడిపోయి మళ్లీ లేచేది. ఒక్కోసారి ఇంజిన్ టప్పున ఆగిపోయేది.

నేను చేసిన వైద్యం ఒకటే. ఐడిల్ స్క్రూ కాస్త తిప్పి స్పీడు పెంచడం. రెండు వారాలు బాగుండేది. మళ్లీ వణుకు, మళ్లీ స్క్రూ. సర్వర్ ఎందుకు పడిపోతోందో చూడకుండా రీస్టార్ట్ కొడుతూ ఉండటం లాంటిదే ఇది. ఆఫీసులో ఎవరైనా ఇలా చేస్తే నేనే క్లాసు పీకుతాను.

ఆ శనివారం పొద్దున్నే సన్నీవేల్ నుంచి బయల్దేరాం. సారటోగా ఊరు దాటగానే హైవే 9 మెలికలు తిరుగుతూ కొండెక్కుతుంది. సుమారు 2,600 అడుగుల ఎత్తున స్కైలైన్ రోడ్డు తగులుతుంది. శాంటా క్రూజ్ కొండల శిఖరం వెంబడి పోయే దారి అది. ఉత్తరంగా వెళ్తుంటే కుడిచేతి వైపు కింద నేను రోజూ పనిచేసే లోయ, ఎడమవైపు పసిఫిక్ దాకా దిగిపోయే కొండలు. మధ్యమధ్యలో రెడ్‌వుడ్ చెట్ల నీడ. అమ్మ చున్నీ తలకి చుట్టుకుని, "నేల మీద కూచుని పోయినట్టుందిరా" అని నవ్వుతోంది.

స్కైలైన్, హైవే 84 కలిసేచోట స్టాప్ సైన్ ఉంది. అక్కడ ఆగాను. ఇంజిన్ కూడా ఆగింది. మళ్లీ స్టార్ట్ చేశాను, మళ్లీ ఆగింది. వెనక హారన్ మోగింది. అమ్మ నవ్వడం మానేసి తలుపు పట్టుకుంది. మూడోసారి యాక్సిలరేటర్ తొక్కిపట్టి, ఎలాగో పక్కకి తీసి ఆపాను.

ఆ మూల మీదే ఆలిసెస్ రెస్టారెంట్. వీకెండ్ వస్తే బైకులవాళ్లు, పాత కార్లవాళ్లు చేరే చోటు. ఇక్కణ్నుంచి 84 మలుపులు తిరుగుతూ సముద్రానికి దిగుతుంది. మలుపులో ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకుకి ఇంజిన్ ఇచ్చే సాయం ఒకటి రెండు తొక్కులకే అయిపోతుంది. ఒంటరిగా తిరిగినన్నాళ్లూ చిన్న చిరాకు అనుకున్నది, అమ్మ పక్కన ఉండేసరికి చిన్నదిగా కనపడలేదు. కారణం తెలిసేదాకా కిందికి దిగకూడదు అనుకుని బానెట్ ఎత్తాను.

ఐడిల్‌లో జరిగేది ఇదీ. యాక్సిలరేటర్ వదిలేస్తే థ్రాటిల్ దాదాపు మూసుకుపోతుంది. పక్కదారి గుండా వెళ్లే కొద్దిపాటి గాలితోనే ఇంజిన్ బతకాలి. లోపలికొచ్చే గాలిని ఎయిర్ ఫ్లో మీటర్ కొలుస్తుంది, ఆ లెక్క చూసి కంప్యూటర్ పెట్రోలు కొడుతుంది. మీటర్ దాటాక ఏ గొట్టంలోనో చిల్లు పడితే లెక్కలో లేని గాలి దూరుతుంది. గాలి ఎక్కువై, పెట్రోలు చాలక ఇంజిన్ వణుకుతుంది. స్పీడులో వెళ్లేటప్పుడు లోపలికి బోలెడు గాలి పోతుంది కాబట్టి ఆ చిల్లు లెక్కలోకే రాదు. ఐడిల్‌లో అదే పెద్ద వాటా అయిపోతుంది. పరుగులో బంగారం, ఆగితే వణుకు అన్నదానికి అర్థం ఇదే.

అమెరికాలో ఓబీడీ-2 తప్పనిసరి అయింది 1996 నుంచి. నా కారుకి ఆ స్కానర్లు పనికిరావు. బానెట్ కింద ఉండే చిన్న డయాగ్నసిస్ పెట్టెలో టీఈఎన్, జీఎన్‌డీ అనే రెండు పిన్నుల్ని వైరుముక్కతో కలిపితే చెక్ ఇంజిన్ లైటు మిణుకులతో కోడ్ చెబుతుంది. కలిపి చూశాను. ఏ కోడూ లేదు.

నేను సీట్లో కూర్చుని యాక్సిలరేటర్‌తో ఇంజిన్‌ని బతికిస్తుంటే అమ్మ బానెట్ పక్కన నిలబడి ఉంది.

"ఏమ్రా, గ్యాస్కెట్ పోయిన కుక్కర్ మాదిరి ఉస్సుమంటాంది."

"ఎక్కడమ్మా?"

"ఆ మూలకి, కింద."

ఫ్యానుకీ బెల్టుకీ దూరంగా ఉండమని చెప్పి వెళ్లి చూశాను. ఇంజిన్ పైమూత నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి వెళ్లే చిన్న రబ్బరు గొట్టం, పీసీవీ హోస్. చివర్లో అడుగువైపు నిలువునా పగిలింది. పైనుంచి చూస్తే కనపడదు. వేలు అడ్డం పెట్టగానే చర్మాన్ని లోపలికి లాగింది. ఉస్సు ఆగింది, వణుకూ ఆగింది. కుక్కర్ గాలిని బయటికి వదులుతుంది, ఇది లోపలికి పీలుస్తుంది. అంతే తేడా. ఇన్నేళ్లు వేడిలో ఉన్న రబ్బరు పగలడంలో వింతేమీ లేదు.

ఇంజిన్ ఆపి, చల్లారేదాకా కాఫీ తాగాం. తర్వాత పగిలిన చివరని అర అంగుళం కోసేసి, మిగతా గొట్టాన్ని బిగించాను. స్టార్ట్ చేస్తే ముల్లు 1,150 దగ్గర నిలబడింది. చిల్లుని కప్పిపుచ్చడానికి నేను తిప్పిన తిప్పులన్నీ అక్కడ లెక్క తేలాయి. పిన్నులు మళ్లీ కలిపి, స్క్రూ మెల్లగా వెనక్కి తిప్పి 850కి తెచ్చాను. ఈ పని ఎప్పుడూ చివర్లోనే చేయాలి. నేను దాంతోనే మొదలుపెట్టాను. మరో ఇరవై నిమిషాలు అలాగే నడవనిచ్చి, ఆగడం లేదని నమ్మకం కుదిరాక కిందికి దిగాం.

లా హోండా మీదుగా శాన్ గ్రెగోరియో బీచ్ చేరేసరికి తీరమంతా పొగమంచు. పదడుగుల అవతల ఏమీ కనపడలేదు. నా మొహం చూసి అమ్మే అంది, "కనపడకపోతే ఏమి, ఇనపడతాంది కదా." చెప్పులు చేత్తో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడింది.

తర్వాతి వారం గొట్టం మొత్తం కొత్తది వేశాను. దాని వయసువే అయిన మిగతా గొట్టాల్నీ ఒక్కొక్కటిగా మారుస్తున్నాను. మీ దగ్గర పాత కారుంటే, ఐడిల్ వణికినప్పుడు స్క్రూ జోలికి పోయేముందు రేడియో ఆపి ఒక్క నిమిషం వినండి.

ఆ సాయంత్రం తిరిగి వస్తూ అదే స్టాప్ సైన్ దగ్గర ఆగాను. ముల్లు 850 దగ్గర కదలకుండా ఉంది. చూడమందామని పక్కకి తిరిగితే, అమ్మ అప్పటికే నిద్రపోయింది.