సహేతుకమైన కారణం

జర్మన్ భాషలో ‘ఫెర్జూక్స్‌టియర్‌కుండె’ అని ఒక చదువుంది. ప్రయోగాలకి వాడే జంతువుల గురించిన శాస్త్రం. ఇక్కడ పరిశోధనలో చేరినవాళ్ళు ఎలుక మీద చెయ్యి వెయ్యాలంటే ముందు ఈ పాఠాలు వినాలి. నేనూ విన్నాను. చిట్టెలుకని తోక పట్టుకుని ఎత్తకూడదు, గొట్టంలోకి ఎక్కించి ఎత్తాలి. గూడు కట్టుకోడానికి కాగితం పీలికలు వెయ్యాలి. పంజరంలో ఎర్ర ప్లాస్టిక్ ఇల్లు పెడతారు. ఎరుపు రంగు వాటి కంటికి సరిగా ఆనదు కాబట్టి లోపల చీకటిగా ఉందనుకుని నిశ్చింతగా పడుకుంటాయి. మనకి మాత్రం అవి కనిపిస్తూనే ఉంటాయి.

ఆ శ్రద్ధ చూసి ముచ్చటేసింది. దాని వెనక చరిత్ర చదివాక మాత్రం మనసు కలుక్కుమంది.

క్షయకి కారణం ఫలానా క్రిమి అని 1882లో బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ రుజువు చేసింది గినీ పందుల సాయంతోనే. అప్పట్లో వాటి బాధ గురించి అడిగినవాళ్ళు తక్కువ. గట్టిగా అడిగినది ఎవరో తెలుసా? నాజీలు. జంతువుల్ని ప్రాణం లేని వస్తువుల్లా చూసేవాళ్ళని నిర్బంధ శిబిరాలకి పంపిస్తానని 1933 ఆగస్టులో గోరింగ్ బెదిరించాడు. ఆ నవంబరు 24న జంతు సంరక్షణ చట్టం వచ్చింది. ప్రయోగాలకి అనుమతి తప్పనిసరి అయింది. అదే ఏడాది మార్చిలో డాఖావ్ శిబిరం తెరిచారు. 1942లో అక్కడే ఖైదీలని మంచునీళ్ళలో ముంచి, ఎంతసేపటికి ప్రాణం పోతుందో వైద్యులు లెక్కలు రాసుకున్నారు.

అందుకే 1947లో న్యూరెంబర్గ్ న్యాయస్థానం చెప్పిన పది సూత్రాల్లో మూడోది, మనిషి మీద ప్రయోగానికి ముందు జంతువుల మీద చేసిన ప్రయోగాల ఫలితాలు ఆధారంగా ఉండాలంది. మనిషి గౌరవాన్ని నిలబెట్టే బరువులో కొంత చిట్టెలుక మీద పడిందన్నమాట.

ఈ మాట ఫోన్‌లో అమ్మకి చెప్పాను. “ఎన్ని కబుర్లు చెప్పినా చంపడం చంపడమే కదా నాన్నా, పాపం కాదూ?” అంది. అమ్మ రోజుకి రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటుంది. 1889లో, అప్పటికి జర్మనీలో భాగమైన స్ట్రాస్‌బర్గ్‌లో, మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనే ఇద్దరు ఒక కుక్క క్లోమం తీసేస్తే దానికి మధుమేహం వచ్చిందనీ, ఆ దారిలోనే 1921లో టొరంటోలో ఇన్సులిన్ దొరికిందనీ చెప్పాను.

“ఆ కుక్కలకి పేర్లుండేవా?”

“టొరంటోలో ఒకదాని పేరు మార్జొరీ.”

కాసేపు మాట్లాడలేదు. “పేరు పెట్టి మరీనా!” అంది. అది మెచ్చుకోలో, దెప్పో నాకిప్పటికీ తెలీదు.

యుద్ధం తర్వాత ఈ శాస్త్రం మెల్లిగా ఎదిగింది. వీలైతే జంతువు లేకుండా చెయ్యి, తప్పకపోతే తక్కువ వాటితో చెయ్యి, వాటికి బాధ తగ్గించు అని 1959లో ఇంగ్లండ్‌లో రస్సెల్, బర్చ్ చెప్పిన మూడు మాటలే దీనికి ఓనమాలు. 1964లో ఇక్కడ ప్రయోగ జంతు శాస్త్రవేత్తల సంఘం ఏర్పడింది. సహేతుకమైన కారణం లేకుండా ఏ జంతువునీ బాధపెట్టకూడదని 1972 చట్టం అంది. 1986లో చేసిన సవరణతో ప్రయోగశాలలకి జంతు సంక్షేమ అధికారి తప్పనిసరి అయ్యాడు. 2002లో రాజ్యాంగంలోనే, రాజ్యం కాపాడవలసిన వాటిలో జంతువుల్నీ చేర్చారు. అయినా 2022లో ప్రయోగాలకి వాడిన జంతువులు 17 లక్షల పైమాటే.

1933లోనూ దయ ఉంది, చట్టం ఉంది, అనుమతి పత్రమూ ఉంది. లేనిదల్లా, ఆ దయ చూపించేవాణ్ణి నిలదీసే హక్కు. ఇప్పుడు నా దరఖాస్తు ప్రభుత్వ అధికారి దగ్గరికి వెళ్తుంది. ఆయనకి సలహా ఇచ్చే సంఘంలో జంతు సంరక్షణ సంస్థలు సూచించినవాళ్ళూ కూర్చుంటారు. నా ప్రయోగం ఇష్టంలేనివాళ్ళకి కూడా నేను జవాబు చెప్పుకోవాలి.

ఆ దరఖాస్తులో, ఈ జంతువులు పడబోయే బాధ నైతికంగా సమర్థనీయమేనా అన్న ప్రశ్న ఒకటుంటుంది. అన్నిటికంటే ఎక్కువసేపు పట్టేది అక్కడే. అది గబగబా రాసెయ్యగలిగిన రోజున ఈ పని మానెయ్యాలని అనుకుంటూ ఉంటాను.