కాగ్నా ఎర్రనీళ్లు

కాగ్నా వాగు వచ్చిందంటే తాండూరులో పెద్దవాళ్లకు దిగులు, మాకు జాతర. 1980ల మొదట్లో మాట. ముసురు విడవగానే పిల్లలమంతా ఒడ్డుకు ఉరికేవాళ్లం. తాత గొంగడి కప్పుకొని నిలబడి, నీళ్ల రంగు చూసి వాన ఎక్కడ పడ్డదో చెప్పేవాడు. ఎర్రగా వస్తే అనంతగిరి గుట్టల మీద. నల్లగా, చిక్కగా వస్తే దగ్గరి రేగడి చేన్ల మీద.

"గింత మన్ను యాడికి పోతది తాతా?"

"సముద్రానికి బిడ్డా. మన చేన్లు తినంగ మిగిలింది చాపలు తింటయ్."

తాత సముద్రం చూసినోడు కాదు. కానీ మన్ను బలం తెలిసినోడు. ఎండాకాలంలో చెరువు ఎండితే అడుగున పేరుకున్న పూడిక తవ్వి, బండ్ల మీద కంది చేనుకు తోలించేవాడు. ఆ చేన్ల కందికే 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేగడి నేల, దాని అడుగున సున్నపురాయి. కందిపప్పు రుచి అక్కడి నుంచే వస్తుందని మా వాళ్ల నమ్మకం.

వికారాబాద్ రైలెక్కితే కిటికీలోంచి ఎర్రమన్నుకూ నల్లమన్నుకూ ఉన్న తేడా కనిపించేది. తాండూరు దాటుతుంటే నల్లమన్ను, నాపరాయి గనులు, బండల గుట్టలు. వికారాబాద్ దగ్గర పడుతుంటే నేల ఎర్రబడేది. అనంతగిరి నెత్తిన ఉన్నది ఇనుము నిండిన ఎర్రరాయి. దాని కింద దక్కన్ నల్లరాయి, రేగడికి తల్లి. ఆ గుట్టల తూర్పు వాలున మూసీ పుడుతుంది, హైదరాబాద్ మీదుగా పోతుంది. పడమటి వాలు నీళ్లు కాగ్నాలో కలిసి, తాండూరు దాటి, రాష్ట్రకూటుల మాల్ఖేడ్ పక్కనుంచి భీమలో పడతాయి. భీమ తంగిడి దగ్గర కృష్ణలో చేరుతుంది. మూసీ కృష్ణను ఎక్కడో కింద, వాడపల్లిలో కలుస్తుంది. ఒకే గుట్ట మీద పడిన రెండు వాన చినుకులు వీపులు తిప్పుకొని పోయి, చివరికి ఒకే సముద్రంలో తేలతాయన్నమాట. బడిలో ఇది మాకెవరూ చెప్పలేదు.

ఆ సముద్రంలో మన మన్నుతో పనేమిటి? చేపల తిండి మొదలయ్యేది కంటికి కనిపించనంత చిన్న నాచుతో. అందులో డయాటమ్ అనే రకం తన చుట్టూ గాజు పెంకు కట్టుకుంటుంది. దానికి సిలికా కావాలి. భాస్వరం, నత్రజని, కాస్త ఇనుము కావాలి. సిలికా వచ్చేది రాళ్లు అరిగి నీళ్లలో కరగడం వల్ల. గంగ, బ్రహ్మపుత్రల పైన ఆ పనిలో కొంత హిమానీనదాలది: తాండూరు పాలిషింగ్ మిషన్ కింద బండ అరిగి తెల్లటి నీళ్లు కారినట్టు, మంచు కింద కొండ అరిగి పిండిలా ఏటిలోకి దిగుతుంది. భూమి వేడెక్కి మంచు వేగంగా కరిగే కొద్దీ ఆ పిండి మొదట పెరుగుతుంది. మంచే తరిగిపోయాక అదీ తగ్గిపోతుంది. కృష్ణకు మంచు లేదు. మనకున్నది నైరుతి వాన, వరద. ఏడాది మన్నులో అత్యధిక భాగం ఆ కొద్ది వరద రోజుల్లోనే కదులుతుంది. మేం కేకలేస్తూ చూసిన ఆ ఎర్రనీళ్లే సముద్రానికి పోవాల్సిన బత్తెం.

పోవాల్సిన, అంటున్నాను. తాత ఆ మాట అంటున్న ఏళ్లలోనే శ్రీశైలం ప్రాజెక్టు నిండడం మొదలైంది. కట్టినప్పుడు దాని సామర్థ్యం 308 టీఎంసీలు, తర్వాతి సర్వేల్లో 215కు దిగింది. నాగార్జునసాగర్ 408 నుంచి 312కు. తేడాలో ఎక్కువ భాగం పూడికే! మహాబలేశ్వరం నుంచి మా తాండూరు దాకా కొట్టుకొచ్చిన మన్ను అక్కడ పడుకొని ఉంది. నీళ్లలో కరిగిన సిలికాకూ ఆనకట్టలో గండమే. నిలిచిన నీళ్లలోనే డయాటమ్‌లు పెరిగి, దాన్ని వాడుకొని, చచ్చి అడుగుకు దిగుతాయి. ఇక 2009 అక్టోబర్ లాంటి వరద వచ్చి, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు బురద కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దాకా పోతుంది. అప్పటికి ఊళ్లు మునిగి ఉంటాయి. సముద్రానికి తిండి పెట్టడానికి అది మంచి పద్ధతి అని ఎవరంటారు?

మూసీ కథ ఇంకోలా నడిచింది. 1908 వరద తర్వాత గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టి అనంతగిరి నీళ్లను నగరానికి పైనే ఆపారు. నగరం దాటాక ఆ ఏటిలో ఎక్కువగా పారేది మురుగు. అందులో నత్రజనికి, భాస్వరానికి కొదవ లేదు. పైగా వాడపల్లి సాగర్‌కు దిగువన ఉంది కాబట్టి, ఆ మురుగుకు రెండు పెద్ద ఆనకట్టలూ అడ్డం రావు. పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దాటితే సముద్రమే. సిలికా తగ్గి నత్రజని పెరిగితే డయాటమ్ వెనకబడుతుంది. గాజు అక్కర్లేని నాచులు ముందుకొస్తాయి, వాటిలో కొన్ని విషం కక్కేవి.

మూసీ బాగుచేత గురించి పేపర్లో వార్త వస్తే పక్కన ఎప్పుడూ హైదరాబాద్ ఫోటోనే ఉంటుంది. కృష్ణ కొసన ఉన్న దివిసీమ జాలరిని ఎవరైనా ఒక మాట అడిగారేమోనని వార్త చివరిదాకా చదువుతాను.