టక్ టక్

నెల రోజులుగా స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ ముందు ఎడమ చక్రం దగ్గర టక్‌మని చప్పుడు. "షాకబ్జర్లు పోయాయి సార్, రెండూ మార్చాల్సిందే" అన్నారు మొదట చూపించిన చోట. మా వీధి చివరి మెకానిక్ మాత్రం ముందు చక్రాలు రెండూ జాకీ మీద లేపాడు. పైనా కిందా పట్టుకుని ఊపితే కదల్లేదు. కిందకి దూరి లింక్ రాడ్ ఆడించాడు. అదే టక్! షాకబ్జర్‌కి ఆయిల్ చెమ్మ కూడా లేదు. లోయర్ ఆర్మ్ బుష్ మాత్రం నోరు తెరిచింది. లింక్ రాడ్లూ బుష్‌లూ రెండు వైపులా మార్చాడు. బుష్ బోల్టులు బండి నేల మీదకి దించాకే గట్టిగా బిగించాడు. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుందట. అలైన్‌మెంట్ కూడా అయింది.

ఇప్పుడు డ్యాష్‌బోర్డులో ఏదో గలగల. ఇన్నాళ్లూ ఆ టక్ టక్ చాటున దాక్కుందన్నమాట. మా ఆవిడ పాటల సౌండు పెంచింది.